టెక్సాస్‌లో మా పెద్దోడు కొన్న తేలిక తుపాకి, మీరడిగిన ప్రశ్నలు



టెక్సాస్‌లో మా పెద్దోడి దగ్గరున్నప్పుడు దిగిన ఫోటో ఒకటి పెట్టాను గదా, చేతిలో తుపాకి, చెవులకి డిప్పల్లాంటివి. ఆ రోజు నుంచి ఫోన్లే ఫోన్లు. "బాబాయ్, ఎంత పడింది?", "పందులకి పనికొస్తదా?", "మా వాడు కూడా అక్కడే ఉన్నాడు, కొనమని చెప్పనా?" అని. ఒక్కొక్కరికి చెప్పలేక అంతా ఒకేసారి రాస్తున్నా. కాస్త పొడుగే, మధ్యాహ్నం చెట్టుకింద కూర్చున్నప్పుడు చదవండి.

అక్కడ తుపాకి కాల్చడం ఒక కాలక్షేపం. మనవాళ్ళు ఆదివారం క్రికెట్ ఆడినట్టు వాళ్ళు రేంజికి పోయి కాగితాల మీద, ఇనప బిళ్ళల మీద గురి చూసి కాల్చుకుంటారు. మా వాడి స్నేహితులు నలుగురైదుగురు పోతుంటే వీడికీ సరదా పుట్టింది. ముందు వీడి కన్ను ఏఆర్-15 మీద పడింది. చూడ్డానికి మిలిటరీ వాళ్ళ తుపాకిలా నల్లగా ఉంటది. నేను అడిగింది ఒక్కటే: "తూటా ఎంతరా?" దానికి ఒక్కో తూటా అర డాలరు దాకా పడుతుందట. ఒక పూట సరదాకి రెండొందలు కాల్చాడనుకోండి, వంద డాలర్లు గాల్లోకి పోయినట్టే. ట్రాక్టరు కొనేటప్పుడు మనం ముందు ఏమడుగుతాం? డీజిల్ ఎంత తాగుద్దని. ఇదీ అంతే. తుపాకి ఒకసారి కొంటాం, తూటాలు జీవితాంతం కొంటాం.

అందుకని నేను .22 దగ్గరే ఆగమన్నా. పాయింట్ టూ టూ అంటారు. తూటా సన్నగా పెన్సిలంత లావు ఉంటది. లోపలి సీసం బరువు రెండున్నర గ్రాములకి కాస్త ఎక్కువ, అంతే. 1887 నుంచి ఉన్న తూటా ఇది. యాభై తూటాల డబ్బా మేం ఉన్నప్పుడు నాలుగైదు డాలర్లకి వచ్చింది. భుజానికి తన్నడం దాదాపు ఉండదు. నా భుజం సంగతి మీకు తెలుసు గదా, ముప్ఫై ఏళ్ళు మందు పంపు మోసిన భుజం.

సెమీ ఆటోమేటిక్ అంటే చాలామంది సినిమాల్లో లాగా నొక్కి పట్టుకుంటే టపటపా పేలేది అనుకుంటున్నారు. అది కాదు. ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే ఒక్కటే పేలుతుంది. ఆ పేలిన ఒత్తిడికే లోపలి బోల్టు వెనక్కి పోయి, ఖాళీ గొట్టాన్ని పక్కకి విసిరేస్తది. స్ప్రింగు దాన్ని మళ్ళీ ముందుకు తోసేటప్పుడు కొత్త తూటా లోపలికి ఎక్కుద్ది. ఇంకోటి పేలాలంటే వేలు వదిలి మళ్ళీ నొక్కాలి. సౌకర్యం ఏంటంటే ప్రతిసారీ చేత్తో బోల్టు లాగక్కర్లేదు, కన్ను గురి మీదే ఉంటది. ప్రమాదం కూడా అక్కడే ఉంది: ఒకటి కాల్చగానే ఇంకోటి సిద్ధంగా కూర్చుని ఉంటది. కొత్తవాళ్ళు "కాల్చేశాను గదా, ఖాళీ" అనుకుంటారు.

షాపుకి పోయే ముందు అసలు ముఖ్యమైన సంగతి. మీ పిల్లలు అమెరికాలో ఉంటే ఇది రెండుసార్లు చదవండి. అక్కడ కేంద్ర చట్టం ప్రకారం వీసా మీద ఉన్నవాళ్ళు, అంటే మనలాంటి విజిటర్లు, చదువుకునే పిల్లలు, హెచ్1బి ఉద్యోగస్తులు, మామూలుగా తుపాకి గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. కొనడమే కాదు, రేంజిలో అద్దెకి తీసుకుని కాల్చినా దగ్గర పెట్టుకున్నట్టే లెక్క. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఎక్కువమంది వాడుకునేది, అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు, అదీ గడువు తీరనిది ఉండటం. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఈ అడ్డు లేదు. మా వాడికీ కోడలికీ గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి వాళ్ళకి ఇబ్బంది లేదు, నాకు ఉంది. స్నేహితుడి తుపాకి పట్టుకుని ఫోటో దిగి స్టేటస్ పెట్టే కుర్రాళ్ళకి ఈ సంగతే తెలీదు. పట్టుబడితే జైలు, దానితో పాటు వీసా, చదువు, మీరు పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, అన్నీ ఒకేసారి పోతాయి. ఫోన్ చేసి చెప్పండి.

నేనేం చేశానంటే, తుపాకులమ్మే షాపులోనే వేట లైసెన్సులూ అమ్ముతారు, ముందు అది తీసుకున్నా. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేటకి సంబంధించిన పాఠాలు నేర్చుకుని ఉండాలి. నేను 1963 వాణ్ణి, ఆ బాధ తప్పింది. వయసు పైబడినందుకు లాభం కలిగిన సందర్భం ఇదొక్కటే. ఆ కాగితం జేబులో పడేదాకా కౌంటరు మీద పెట్టిన దేన్నీ ముట్టుకోలేదు. షాపతను ఆశ్చర్యంగా చూశాడు, చూడనీ.

ఇక ఎంపిక. షాపులో నాలుగు చూశాం.

మొదటిది మాస్‌బర్గ్ వాళ్ళ 702 ప్లింక్‌స్టర్. రెండు కిలోలకి కూడా కాస్త తక్కువే. చవక. ప్లాస్టిక్ కట్ట, చేతిలో పట్టుకుంటే బొమ్మలా ఉంది. కోడలికి తేలిగ్గా ఉందని నచ్చింది గానీ నాకు మనసొప్పలేదు. మరీ తేలికైతే గురి నిలవదు, ఊపిరి తీసినా ముక్కు ఊగుద్ది. తేలిక అంటే మోయడానికి తేలికగా ఉండాలి, నిలబెట్టడానికి కాస్త బరువుండాలి. కత్తి కొనేటప్పుడు చేతిలో ఊపి చూస్తాం చూడండి, అదే లెక్క.

రెండోది సావేజ్ 64. కెనడాలో చేస్తారు. రెండుంపావు కిలోలు, పది తూటాల మ్యాగజైన్ కిందనుంచి ఊడొస్తది. రూగర్ కన్నా దాదాపు వంద డాలర్లు తక్కువ చెప్పాడు. డబ్బు నిజంగా బిగుతుగా ఉన్నవాళ్ళకి నేనైతే ఇదే చెప్తా.

మూడోది పాతది, సెకండ్ హ్యాండ్ మార్లిన్ 60. 1960 నుంచి వచ్చిన మోడలు, లక్షల్లో అమ్ముడుపోయింది. కట్టెతో చేసిన వెనకభాగం, పాత కాలం నగిషీ పని. నిజం చెప్పాలంటే నాకు ఇదే నచ్చింది. దీనికి మ్యాగజైన్ విడిగా ఉండదు, తుపాకి గొట్టం కింద ఇంకో సన్న గొట్టం ఉంటది, పద్నాలుగు తూటాలు వరసగా దాంట్లోకి జారవిడవాలి. పోగొట్టుకునే వస్తువేం లేదు, భలే అనుకున్నా. అప్పుడు కోడలు ఒక మాటంది:

"మామయ్యగారూ, ఆ సన్న గొట్టంలో ఒకటి ఇరుక్కుని ఉండిపోతే బయటికి కనపడుతుందా?"

ఇంట్లో ఎనిమిదేళ్ళ మనవడున్నాడు. వాడు అటకమీద బిస్కెట్ డబ్బా ఎక్కడున్నా పట్టేసే రకం. అసలు ఈ తుపాకి విషయంలో కోడలు మొదట్నుంచీ వద్దనే అంది. మొగుడూ పెళ్ళాలు రెండు రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు కూడా. నేనెవరి పక్షమూ మాట్లాడలేదు, ఎందుకంటే కోడలి భయం నాకూ ఉంది. చివరికి ఆమె మూడు షరతులు పెట్టింది. ఇనప బీరువా కొని గోడకి బోల్టులు బిగించాలి. తూటాలు వేరే గదిలో వేరే తాళం కింద ఉండాలి. ఆమె కూడా ముందు తుపాకి విప్పడం, ఖాళీ చేయడం నేర్చుకోవాలి, అది వచ్చాకే ఇంట్లోకి రావాలి. మూడోది విన్నాక నాకు ఆ పిల్ల మీద గౌరవం పెరిగింది. ఆ లెక్కన చూస్తే మార్లిన్ చెడ్డది కాదు గానీ మా ఇంటికి కాదు. ఊడొచ్చే మ్యాగజైన్ ఉన్నదైతే దాన్ని తీసి వేరే చోట దాచేయొచ్చు.

అలా నాలుగోదానికి వచ్చాం, రూగర్ 10/22. 1964 నుంచి చేస్తున్నారు. పది తూటాల మ్యాగజైన్ గుండ్రంగా తిరిగే రకం, తుపాకి కడుపులోకి పూర్తిగా దూరిపోద్ది, కిందకి పొడుచుకు రాదు. మామూలు రకం బరువు రెండుంపావు కిలోలకి అటూ ఇటూ. మూడొందల డాలర్ల పైచిలుకు పడింది. సావేజ్ వదిలి దీనికి వంద ఎక్కువ ఎందుకు పెట్టించానంటే, మనం సోనాలికానో మహీంద్రానో ఎందుకు కొంటామో దానికే. సామాను ప్రతి చోటా దొరుకుద్ది. స్ప్రింగు, మ్యాగజైన్, వెనక కట్ట, ఏది కావాలన్నా పది కంపెనీలు చేస్తాయి. ఎవడైనా విప్పగలడు. కోడలు పొట్టి మనిషి, మామూలు కట్ట భుజానికి పొడుగైతే పొట్టి కట్ట తెచ్చి మార్చుకోవచ్చు. అమ్ముకోవాలన్నా ధర మరీ పడిపోదు.

కొనడం కూడా చెప్తా. 4473 అనే ఫారం నింపించారు. నేరాలున్నాయా, మత్తు మందులు వాడతావా, వీసా ఏంటి, అన్నీ అడుగుతుంది. షాపతను ప్రభుత్వం వాళ్ళ దగ్గర వివరాలు సరిచూసుకున్నాడు, అరగంటలో చేతికిచ్చాడు. అరగంట! మన దగ్గర యూరియా కట్టకి నిలబడే టైము కన్నా తక్కువ. ఇది మంచిదా చెడ్డదా అంటే, నాకైతే మరీ సులువుగా అనిపించింది.

రేంజిలో ఏం చూశానంటే, ఎదురుగా మన చెరువు కట్టంత మట్టి కట్ట. తూటా అందులోనే ఆగాలి. ఈ చిన్న తూటాని మైదానంలో ఏటవాలుగా పైకి కాలిస్తే దాదాపు మైలున్నర, అంటే రెండు కిలోమీటర్ల పైన పోగలదు. డబ్బాల మీదే అలా హెచ్చరిక ఉంటది. అందుకే ఇంటి వెనక ఖాళీ జాగాలో సరదాగా కాల్చడం లాంటివి వద్దని మా వాడికి గట్టిగా చెప్పా. కళ్ళకి అద్దాలు, చెవులకి డిప్పలు లేకుండా లోపలికి రానివ్వరు. ఎవరైనా కాగితాలు మార్చడానికి ముందుకెళ్తే అందరూ తుపాకులు ఖాళీ చేసి, బోల్టు తెరిచి బల్లమీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకుని నిలబడాలి. ముట్టుకుంటే బయటికే.

ఖాళీ చేయడంలో ఒక వరస ఉంది. ముందు మ్యాగజైన్ తీయాలి, ఆ తర్వాత బోల్టు లాగాలి. తిరగేసి చేస్తే, బోల్టు లాగినప్పుడు ఒక తూటా బయటపడుద్ది, అది చూసి ఖాళీ అనుకుంటాం, ఈలోపు మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కి కూర్చుంటది. ఆఖర్న కళ్ళతో చూసి, వేలు పెట్టి తడిమి చూసుకోవాలి. 2024లో అక్కడ చదువుకుంటున్న మన తెలంగాణ కుర్రాడొకడు తుపాకి శుభ్రం చేస్తుంటే పేలి చనిపోయాడని పేపర్లలో చదివే ఉంటారు. కోడలు ఈ వరస ఇరవై సార్లు చేసింది. నేను లెక్కపెట్టా.

ఇంకో తిరకాసు: .22 తూటా అప్పుడప్పుడు పేలదు. అంచులో ఉన్న మందు సరిగ్గా అంటుకోక ఆలస్యంగా పేలొచ్చు కూడా. టిక్కుమని ఊరుకుంటే ముక్కు మట్టికట్ట వైపే ఉంచి అర నిమిషం ఆగాలి. చవక తూటాల్లో శక్తి తక్కువవి వాడితే బోల్టు పూర్తిగా వెనక్కి పోక ఇరుక్కుంటది. రెండు మూడు రకాలు కొని ఏది సరిపడుద్దో చూసుకోవాలి.

నేను పాతిక గజాల నుంచి కాగితం పళ్ళెం మీద పదికి ఏడు కొట్టా. శుక్లం ఆపరేషన్ అయిన కన్నుతో. కోడలు తొమ్మిది కొట్టింది. మా వాడి సంగతి అడక్కండి.

ఇప్పుడు పందుల సంగతి. నాకు తెలుసు, మీలో సగం మంది దీనికోసమే చదువుతున్నారు. మొక్కజొన్న పాలకంకి మీదున్నప్పుడు మంద పడితే ఎలా ఉంటదో నాకు చెప్పక్కర్లేదు. అయినా ఇది పనికిరాదు. రెండున్నర గ్రాముల సీసం అడవిపంది తోలు, కొవ్వు, భుజం ఎముక దాటి లోపలికి దిగాలంటే కష్టం. గాయపడి తిరిగే పంది తెల్లారి కూలీకి వచ్చిన ఆడమనిషి మీద పడుద్ది. రెండోది, మన చట్టంలో సెమీ ఆటోమేటిక్ తుపాకుల్లో ఎక్కువ భాగం నిషేధిత జాబితాలోవే, పంట కాపలాకని అడిగితే లైసెన్సు వచ్చేవి కావు. అక్కడ్నుంచి పెట్టెలో పెట్టి తెచ్చే ఆలోచన అసలు వద్దు. పందిని చంపాలన్నా అటవీ శాఖ అనుమతితో, గుర్తింపు ఉన్న షూటర్లతోనే. కరెంటు తీగలు పెట్టేవాళ్ళకి మళ్ళీ చెప్తున్నా, ఆ తీగకి పంది ఎవరో పక్క రైతు ఎవరో తెలీదు.

సరదా మాత్రమే కావాలంటే మన దగ్గర దారుంది. 2016 ఆయుధాల నియమాల ప్రకారం .177 సైజు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు, గుర్తింపు కార్డు ఇచ్చి కొనుక్కోవచ్చు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం కొట్టింది ఎయిర్ రైఫిల్‌తోనే. దాంతో పిట్టల జోలికి మాత్రం పోకండి, వెనక మట్టికట్ట లేకుండా కాల్చకండి.

చివరగా ఒకటి. బయల్దేరే ముందు రోజు మనవడు గుర్తుగా ఉంచుకోమని రెండు ఖాళీ గొట్టాలు నా సంచి పక్క జేబులో వేశాడు. మూట సర్దుతుంటే కనపడ్డాయి. విమానాశ్రయంలో స్కానింగులో తూటా లాంటిది కనపడితే ఆపేస్తారు, నిజం తూటా ఒక్కటి దొరికినా మన దగ్గర కేసే, చొక్కా జేబులో మర్చిపోయామన్నా ముందు పోలీసు స్టేషనే. వాడికి నచ్చజెప్పి గొట్టాలు వాడి దగ్గరే పెట్టించి, కాల్చిన కాగితం పళ్ళెం తెచ్చుకున్నా. కొట్టం గోడకి తగిలించా, ఇటొచ్చినప్పుడు చూద్దురు గాని.