పాలంపేటలో ప్రదక్షిణము

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయమును దర్శింప వచ్చువారిలో నేడు రెండు తెగలవారు కానవచ్చుచున్నారు. ఒకరు స్వామికి కొబ్బరికాయ సమర్పించి వెడలిపోవు భక్తులు. రెండవవారు వారసత్వ యాత్ర పేరిట బృందములుగా వచ్చి, ఉపన్యాసకుని వెంట నడచుచు శిల్పములను పరికించు జిజ్ఞాసువులు. 2021 జులై 25న ఈ ఆలయము ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినది గనుక రెండవ తెగవారి రాక సంతోషకరమే. అయితే వారికి చూపబడుచున్నదేమి?

నీటిపై తేలెడు ఇటుకలు, ఇసుక నింపిన పునాది, ఎత్తైన పాదరక్షలు ధరించిన మదనిక. ఈ మూడింటితో ఉపన్యాసము ముగియుట కద్దు. పాదరక్షల వద్ద నవ్వులు, ఛాయాచిత్రములు. ఆపై గర్భాలయ ద్వారము చెంత శిల్పమును వ్రేళ్లతో తట్టి స్వరములు వినిపించుట. ఎనిమిది శతాబ్దములు నిలిచిన శిల ప్రతిదినము తాడనమునకు గురియగుట అపచారము. అది వినోదమునకై చెక్కినది కాదు.

తేలెడు ఇటుకయైనను వింత కొరకు పుట్టినది కాదు. శిఖరభారము క్రింది శిలలపై తగ్గవలెనని స్థపతి చేసిన ఆలోచన అది. ఈ కారణము చెప్పినచో శ్రోత శిఖరము వైపు తలయెత్తి చూచును. చెప్పనిచో ఇటుకనే చూచును.

శిల్పశాస్త్రము ఆలయమును పురుషాకారముగా భావించినది. అందువలననే గోడకు జంఘయని, శిఖరము క్రింది భాగమునకు గ్రీవమని పేర్లు. ఈ పదములు తెలిసినవానికి ఆలయము రాళ్ల కూర్పుగా గోచరింపదు. ఎత్తైన జగతిపై విశాలమైన ప్రదక్షిణపథము ఉన్నది. బృందములను దక్షిణావర్తముగా ఆ దారిని నడిపించుచు, గజపంక్తి మొదలుకొని పైపైకి దృష్టిని తీసికొనిపోయిన ఉపన్యాసకుడు ధన్యుడు. అట్టివారు లేకపోలేదు. అట్టివారి వెనుక నడచిన పిల్లలు ఇంటికి పోయి తమ ఊరి గుడిని మరల చూచెదరు.

ఆవరణలోని మండపమున నిలిపిన శాసనస్తంభమును చాలమంది చూడకయే మరలుచున్నారు. శక సంవత్సరము 1135, అనగా క్రీ.శ. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ దేవుని ప్రతిష్ఠించెనని చెప్పునది అదియే. ప్రతిష్ఠాత పేరు దేవునికి చేరుట నాటి ఆచారము. కావున ఇచటి స్వామి రుద్రేశ్వరుడు. లోకము మాత్రము శిల్పియని జనశ్రుతి చెప్పెడు రామప్ప పేరిట గుడిని పిలుచుచున్నది, అర్చనలో స్వామి రామలింగేశ్వరుడు. దాత, శిల్పి, దైవము అను మువ్వురి పేర్లును ఒక్క ఆలయమునకు దక్కిన ఈ కథను మించిన ఉపన్యాస విషయమేమున్నది?

శాసనము చదివించిన పిమ్మట యాత్రను చెరువుకట్ట వరకు సాగింపవలెను. గుడితో పాటు తటాకమును గూడ నిర్మించుట కాకతీయుల పద్ధతి. రామప్ప చెరువు నీరు నేటికిని పొలములకు పారుచున్నది. నంది చూపులోని సావధానతను చూచి వచ్చినవారు కట్టపై కొంతసేపు కూర్చుండి, క్రింది వరిమళ్లను చూడవచ్చును.