కోటల వెనక ఊళ్లు

మాల్టా దేశం మొత్తం కలిపి 316 చదరపు కిలోమీటర్లు. 2007లో ఏర్పడినప్పటి హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పరిధిలో దాదాపు సగం. బస్సెక్కి కూర్చుంటే ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో తెలీదు. ఎటు చూసినా తేనెరంగు సున్నపురాయి ఇళ్లు, వీధిలోకి పొడుచుకొచ్చిన చెక్క బాల్కనీలు. కానీ అక్కడివాళ్లని కదిలించి చూడండి. మా చర్చి వేరు, మా పునీతుడు వేరు, మా బ్యాండు వేరు, పక్కూరి వాళ్లకి బాణసంచా కాల్చడం కూడా చేతకాదు అంటారు.

నేను 2018లో నర్సు ఉద్యోగానికి అక్కడికి వెళ్లాను. వృద్ధాశ్రమంలో పని. తోటి నర్సుల్లో మలయాళీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు ఎక్కువ. నా వార్డులో ఒక పెద్దాయన ఉండేవాడు. డాక్‌యార్డులో వెల్డింగు పనిచేసి రిటైరయ్యాడు. సొంతూరు సెంగ్లియా. ఆ పేరు మ్యాపుల్లోనే, ఆయన నోట ఎప్పుడూ ‘ఇస్లా’నే. సెలవురోజు ఎక్కడికి వెళ్లొచ్చావని అడిగితే రాజధాని వలెట్టా పేరు చెప్పాను. “అది దొరలు కట్టుకున్న ఊరమ్మాయ్. రేవు దాటి మా వైపు వెళ్లు” అన్నాడు. నాకు మాల్టా చూపించింది ఆ మాటే.

వలెట్టా కోటగోడ మీద అప్పర్ బరాకా తోట ఉంది. అక్కడ నిలబడితే గ్రాండ్ హార్బర్ అవతలి ఒడ్డున సముద్రంలోకి చాచిన రెండు నాలుకల్లాంటి నేలలు కనిపిస్తాయి. ఒకదాని మీద బిర్గు, రెండోదాని మీద ఇస్లా, వెనకాల రెంటినీ కలుపుతూ బొర్మ్‌లా. వీటినే మూడు నగరాలంటారు. నగరాలంటే మన లెక్కలో పేటలు. లిఫ్టులో కిందికి దిగి, ‘దైసా’ అనే చిన్న రంగుల పడవెక్కితే కాసేపట్లో అవతల ఉంటాం.

సెయింట్ జాన్ నైట్లు 1530లో మాల్టాకి వచ్చినప్పుడు మకాం పెట్టింది బిర్గులోనే. యూరప్ పెద్దింటి కుర్రాళ్లతో తయారైన ఆ మతసైన్యాన్ని తుర్కులు అప్పటికే రోడ్స్ నుంచి తరిమేశారు. చక్రవర్తి ఐదో చార్లెస్ ఈ దీవుల్ని వాళ్లకి రాసిచ్చాడు. శిస్తు ఏడాదికి ఒక డేగ. దీవుల్లో ఉన్న జనాన్ని ఎవరూ అడగలేదు. 1565 మే నెలలో ఒట్టోమన్ నౌకాదళం వచ్చి ముట్టడి వేసింది. హార్బరు మొనలో ఉన్న సెయింట్ ఎల్మో కోట జూన్ 23న పడిపోయింది. బిర్గు, ఇస్లా మాత్రం సెప్టెంబరు దాకా తట్టుకున్నాయి. సెప్టెంబరు 8 ఈనాటికీ జాతీయ సెలవు. ముట్టడి కథ చెప్పేవాళ్లందరూ గ్రాండ్ మాస్టర్ లా వలెట్ పేరుతో మొదలుపెడతారు. కూలిన గోడలకి రాత్రికి రాత్రి రాళ్లు మోసిన ఊరి ఆడవాళ్ల గురించి అడిగితేగానీ చెప్పరు.

బిర్గు సందుల్లో నడవడం నాకు ఇష్టం. నైట్లు మొదట దిగిన బసలు, వాటి పక్కనే బట్టలు ఆరేసిన మామూలు ఇళ్లు. ఇంక్విజిటరు భవనం అక్కడే ఉంది. 1798 దాకా మతవిచారణ అధికారి ఉన్న ఇల్లు అది. ఆ పదవిలో చేసినవాళ్లలో ఇద్దరు తర్వాత పోపులయ్యారట. పై అంతస్తులో వాళ్ల గదుల కంటే కింద జైలు గదులు ఎక్కువసేపు చూశాను. గోడలు మెత్తటి సున్నపురాయి కదా, ఖైదీలు గోళ్లతోనో మేకులతోనో ఓడలు, శిలువలు, పేర్లు చెక్కుకున్నారు. ఏ నేరానికి వచ్చారో తెలియని మనుషుల చేతిరాత అది. పోపుల చిత్రపటాలు వేరే దేశాల్లోనూ చూడొచ్చు.

అక్కడికి దగ్గరలోనే రెండో ప్రపంచ యుద్ధం మ్యూజియం. దాని కింద బాంబుల నుంచి తలదాచుకోవడానికి కొండరాయిలో తొలిచిన సొరంగాలున్నాయి. తలకి హెల్మెట్ పెట్టి మెట్ల మీద కిందికి దింపుతారు. పొడవాటి నడవాలు, ఇరువైపులా చిన్న చిన్న గూళ్లు. డబ్బున్న కుటుంబాలు అనుమతి తీసుకుని తమకి విడిగా గది తొలిపించుకున్నాయి, లేనివాళ్లు నడవాలోనే బల్లల మీద పడుకున్నారు. ఒక గది దగ్గర ఆగిపోయాను. అది ప్రసవాల గది. గచ్చు మీద తడి, నెత్తి మీద రాతి కప్పు, పైన బాంబులు. లేబర్ రూములో పనిచేసినదాన్ని కాబట్టి అక్కడ వేడినీళ్లు ఎలా తెచ్చేవారు, రక్తం పోతే ఏం చేసేవారు అన్న ప్రశ్నలు తప్ప ఇంకేమీ తోచలేదు.

ఆ సంగతి పెద్దాయనతో చెప్పాను. 1941 జనవరిలో ఆయనకి ఏడేళ్లు. ఇలస్ట్రియస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక దెబ్బతిని మరమ్మతుకి వచ్చి ఇస్లా పక్కనే ఆగింది. దాన్ని ముంచడానికి జర్మన్ విమానాలు వచ్చాయి. నౌక తేలుతూనే ఉంది, పక్కన ఇస్లా నేలమట్టమైంది. చర్చి కూడా పోయింది, యుద్ధం తర్వాత మళ్లీ కట్టారు. వాళ్ల అమ్మ పిల్లల్ని, ఒక కుట్టుమిషన్ని బండిలో వేసుకుని లోపలి ఊళ్లకి తరలిపోయిందట. “బాంబు శబ్దం మర్చిపోయాను, సొరంగంలో దురద మర్చిపోలేదు” అన్నాడు. గజ్జి. చీకట్లో వందలమంది, నీళ్లకి కటకట. చరిత్ర పుస్తకాల్లో రాజు ఆరో జార్జి 1942 ఏప్రిల్ 15న దీవి మొత్తానికి జార్జ్ క్రాస్ ఇచ్చాడని ఉంటుంది. ఆ క్రాసు ఇప్పటికీ జాతీయ పతాకం మీద ఉంది. గజ్జి సంగతి నేను ఏ బోర్డు మీదా చూడలేదు.

పతకం వచ్చేనాటికి జనం ఆకలితో ఉన్నారు. ఆగస్టులో పద్నాలుగు సరుకు ఓడలు బయల్దేరితే ఐదే చేరాయి. చివరిది ఒహాయో అనే చమురు ఓడ. సగం మునిగిన దాన్ని రెండు యుద్ధనౌకల మధ్య కట్టుకుని లాక్కొచ్చారు. చేరిన రోజు ఆగస్టు 15, మరియమాత పండుగ. మన స్వాతంత్ర్య దినం నాడు మాల్టావాళ్లకి సెలవు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది, పండుగతోపాటు ఆ ఓడనీ తలుచుకుంటారు.

మోస్తాకి కూడా ఆయన చెబితేనే వెళ్లాను. దీవి మధ్యలో ఉన్న ఊరు. చర్చి గుండ్రంగా, పైన దాదాపు 37 మీటర్ల వెడల్పు గుమ్మటంతో ఉంటుంది. జార్జియో గ్రోన్యే అనే ఆయన రోములోని పాంథియన్ని చూసి గీసిన నమూనా. 1833లో మొదలుపెట్టారు. పాత చర్చిని పడగొట్టకుండా దాని చుట్టూ కొత్తది లేపుకుంటూ పోయారు. ఊరివాళ్లు ఆదివారాలు, పండుగ రోజుల్లో కూలి లేకుండా పనిచేశారు. పాతికేళ్లు దాటి పట్టింది. కొత్తది పూర్తయ్యాక లోపలి పాతదాన్ని తీసేశారు. 1942 ఏప్రిల్ 9న లోపల మూడు వందల మంది దాకా ప్రార్థనలో ఉండగా ఒక బాంబు గుమ్మటాన్ని చీల్చుకుని నేల మీద పడి, పేలకుండా ఆగిపోయింది. టూరిస్టులందరూ పక్క గదిలో పెట్టిన నమూనా బాంబుతో ఫోటో దిగుతారు. నేనూ దిగాను. అయితే నన్ను అడిగితే ఆ ఊరి అద్భుతం జీతంలేని ఆ పాతికేళ్ల ఆదివారాలే.

ఇమ్దీనా కథ వేరు. నైట్లు రాకముందు రాజధాని అదే. 1693 భూకంపం తర్వాత లొరెంజో గాఫా మళ్లీ కట్టిన కెథడ్రల్, మూసిన పెద్ద తలుపులు, ఇత్తడి పిడులు. లోపల కాపురం ఉండేవాళ్లు మూడు వందల లోపే. పగలు గుంపులు, ఐస్‌క్రీములు. అంత మర్యాదగా కనిపించే ఊళ్లోనే 1798 సెప్టెంబరులో తిరుగుబాటు మొదలైంది. జూన్‌లో నెపోలియన్ దిగగానే నైట్లు పెద్దగా పోరాడకుండా లొంగిపోయి వెళ్లిపోయారు. ఫ్రెంచివాళ్లు చర్చి సొత్తు వేలం వేయబోతే రైతులు, కూలీలు తిరగబడ్డారు. ఫ్రెంచి సేనాపతి మాసోఁని బాల్కనీ మీంచి కిందికి పడేశారు. రెండేళ్ల తర్వాత ఫ్రెంచివాళ్లు పోయారు, సాయానికి పిలిచిన బ్రిటిష్‌వాళ్లు 1979 మార్చి 31 దాకా కదల్లేదు. పిలిచినవాళ్లకి ఇది ముందే తెలిస్తే పిలిచేవారా అని పెద్దాయనని అడిగాను. డాక్‌యార్డు పింఛను తీసుకుంటున్న మనిషి కదా, నవ్వి ఊరుకున్నాడు.

బ్రిటిష్‌వాళ్లంటే మనకీ అక్కడొక ముడి ఉంది. 1878లో రష్యాని బెదిరించడానికి ఇండియా నుంచి ఏడువేల మంది దాకా సైనికుల్ని మాల్టాకి తెచ్చి దింపారు. అందులో మద్రాసు పదాతిదళం, మద్రాసు సాపర్లు కూడా ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లీపోలీ క్షతగాత్రులకి ఈ దీవి పెద్ద ఆసుపత్రి అయ్యింది. పియెటా ఊళ్లో సైనిక శ్మశానంలో, మాల్టాలో దహనమైన భారతీయ సైనికుల పేర్లున్న స్మారకం ఒకటుంది. నేను డ్యూటీకి వెళ్లే బస్సు ఆ గోడ పక్కనుంచే పోయేది.

ఇక ఫెస్తా. వేసవిలో ప్రతి ఊరూ తన పునీతుడికి చేసే ఉత్సవం. నైట్ డ్యూటీ దిగి నిద్రపోయేవాళ్లకి శత్రువు. పొద్దున్నే ఎనిమిదింటికి ఆకాశంలో టపాసులు పేలుస్తారు. ఒకే ఊళ్లో రెండు బ్యాండు క్లబ్బులుంటే ఏడాదంతా పోటీ. పుట్టి పెరిగింది నరసరావుపేటలో కాబట్టి నాకిది కొత్తగా అనిపించలేదు. శివరాత్రికి కోటప్పకొండకి ప్రభలు కట్టే ఊళ్లు ఇంతే, మీది ఎన్ని గజాలు, మాది ఎన్ని గజాలు. ఆగస్టు 10న బిర్గులో సెయింట్ లారెన్స్ విగ్రహాన్ని భుజాల మీద మోసేవాళ్లని చూశాను. మెకానిక్కులు, బస్సు డ్రైవర్లు. భుజాలు వాచి ఉంటాయి, ముఖాలు వెలిగిపోతుంటాయి. ఎర్ర పట్టుతెరలు, వీధి దీపాల తోరణాలు, ఎదురింటి ముసలావిడ నాకిచ్చిన నువ్వుల మిఠాయి, అర్ధరాత్రి దాకా బాణసంచా.

మార్సశ్లోక్ చేపల రేవు గురించి అందరూ చెబుతారు. పడవల ముందు గీసిన కళ్లు బాగుంటాయి. ఆదివారం సంతలో ఇప్పుడు చేపల కంటే అయస్కాంతం బొమ్మలు ఎక్కువ.

వలెట్టాని తక్కువ చేయడం లేదు. ముట్టడి మరుసటేడు 1566లో పునాది వేసి, గాలి ఆడేలా తిన్నటి వీధులతో కట్టిన పట్నం. సెయింట్ జాన్ చర్చిలో కరవాజ్జియో 1608లో గీసిన యోహాను శిరచ్ఛేదం చూడకుండా రాకూడదు. కారిన రక్తంలోనే ఆయన సంతకం ఉంది, ఆయన సంతకం చేసిన బొమ్మ ఇదొక్కటే. అదే ఏడు డిసెంబరులో, ఆ బొమ్మ ఉన్న హాల్లోనే, జైలు నుంచి పారిపోయిన అతన్ని నైట్లు తమ సంఘం నుంచి వెలివేశారు. చర్చి నేలంతా నైట్ల సమాధి ఫలకాలే. సాధారణంగా ఈ దీవిలో పుట్టినవాళ్లకి ఆ హోదా ఇచ్చేవారు కాదు కాబట్టి, ఊళ్ల వాళ్ల పేర్లు అక్కడ వెతికి లాభం లేదు.

ఉద్యోగానికి మాల్టా వస్తున్న మన పిల్లలకి ఒక మాట. ఓవర్‌టైము ఎంత ఉన్నా నెలకొక సెలవు ఈ ఊళ్లకి ఇవ్వండి. ముందు బిర్గు, ఇస్లా చూడండి, తర్వాత మోస్తా, వలెట్టా చివర్లో. పావోలాలోని హల్ సఫ్లియేని భూగర్భ సమాధులకి మాత్రం ముందే టికెట్ తీసుకోండి. మనుషుల ఊపిరికి రాయి పాడవుతుందని రోజుకి కొద్దిమందినే పంపుతారు. బస్సు ఖర్చుకి వెనకాడకండి. అక్కడ నివాసం ఉన్నవాళ్లకి పేరు మీద తల్లిన్యా కార్డు ఉంటే 2022 అక్టోబరు నుంచి బస్సు ఉచితం.