చేతికి తగిలిన వేడి

"మామా, నువ్వు ట్రిపుల్ ఈ కదా, ఇది ఎందుకిలా కాలిపోతోందో చెప్పు" అంటూ మా రూమ్మేట్ తన వేప్‌ని నా అరచేతిలో పెట్టాడు. అప్పుడే పోసిన టీ గ్లాసు పట్టుకున్నట్టు అనిపించి మంచం మీద పడేశా. చిన్న తెర మీద 80 వాట్లు అని వెలుగుతోంది.

నిజం చెప్పొద్దూ, నాకు సంబరమేసింది. మూడేళ్లలో నా బ్రాంచి పేరు చెప్పి ఒకడు డౌట్ అడగడం అదే మొదటిసారి. నోట్సు వెనక పేజీలో లెక్క మొదలుపెట్టా. లోపల ఒకటే లిథియం అయాన్ సెల్, 3.7 వోల్టులు. 40 వాట్లకి దాదాపు 11 ఆంపియర్లు చాలు. 80కి 21 దాటాలి. సెల్ లోపలి నిరోధం 0.03 ఓమ్‌లు అనుకుంటే, మొదటి దాంట్లో సెల్‌లోనే మూడున్నర వాట్లు వేడి, రెండో దాంట్లో 14. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు! పైగా కాయిల్ వేడి కూడా మెల్లగా బాడీలోకి దిగుతుంది.

"వాటేజ్ తగ్గించు. పీల్చిన ప్రతిసారీ కాస్త గ్యాప్ ఇవ్వు, చల్లారుతుంది" అన్నా.

"గ్యాప్ ఇస్తే ఆలోచనలొస్తాయి మామా" అని నవ్వాడు. నేనూ నవ్వేశా.

వాడు పడుకున్నాక మూత తీసి చూశా. సెల్ మీద ప్లాస్టిక్ తొడుగు పైఅంచు దగ్గర చినిగి ఉంది. సెల్ ఒళ్లంతా నెగెటివే, పాజిటివ్ పైన చిన్న బిళ్ల మాత్రమే. ఆ రెంటికీ మధ్య అడ్డుగా ఉన్నది ఆ పల్చటి తొడుగు. అక్కడ లోహం తగిలి షార్టయితే ఏమవుతుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. 2019 నుంచి మన దేశంలో వీటి తయారీ, అమ్మకం, నిల్వ అన్నీ నేరమే. ఇక దాన్ని ఏ కొట్టుకి తీసుకెళ్లి చూపిస్తాం? వాడేమో దిండు కింద పెట్టుకుని పడుకుంటాడు.

సెల్ బయటికి తీసి, రెండు చివర్లా టేపు చుట్టి, నా బీరువాలో దాచేశా.

పొద్దున్నే పెద్ద గొడవ. "నువ్వెవడివిరా నా వస్తువు తియ్యడానికి?" అని అరిచాడు. చినిగిన తొడుగు చూపించా. వినలేదు. కాసేపటికి మంచం మీద కూలబడి, తల ఎత్తకుండా అన్నాడు: "నాలుగు బ్యాక్‌లాగులు మామా. ఇంట్లో ఒక్కటే అని చెప్పా."

ఒకే గదిలో ఉంటున్నాం. వాడి సెల్‌లో ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో రెండు నిమిషాల్లో తేల్చాను. వాడు రాత్రుళ్లు ఎందుకు నిద్రపోవట్లేదో ఒక్కసారీ అడగలేదు. గ్యాప్ ఇస్తే ఆలోచనలొస్తాయని వాడే నోరు విప్పి చెప్తే, జోక్ అనుకున్నా.

ఆ సాయంత్రం వాళ్ల నాన్నకి ఫోన్ చేస్తున్నంతసేపూ నన్ను పక్కన కూర్చోమన్నాడు. నాన్న తిట్టలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగారంతే.

సెల్ ఇంకా నా బీరువాలోనే ఉంది. ఇంకోటి కొనుక్కోవడం వాడికి పెద్ద పనేం కాదు. ఇప్పటిదాకా అయితే కొనలేదు.