తడబడు పలుకునకు మన మర్యాద

హైదరాబాదునుండి విజయవాడకు పోవు మార్గముననున్న సూర్యాపేటకు చేరువలో ఫణిగిరి బౌద్ధక్షేత్రమును, పిల్లలమఱ్ఱి కాకతీయ దేవాలయములును కలవు. వానిని చూడవచ్చిన యొక విదేశవనిత సూర్యాపేటలో పండ్లమ్ము ముసలమ్మను "నీలు" కావలెనని యడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. ఆమె చిన్నబోయెను. ముసలమ్మ మాత్రము, "పసిపిల్లలు గిట్లనే మాట్లాడుతరు గదా! నీళ్లు అను బిడ్డా, నీళ్లు" అని చెంబు చేతికిచ్చెను. ఆమె సరిగా పలికి, త్రాగి, తానును నవ్వెను.

ఆ జనుల నవ్వులో దుర్బుద్ధి లేదు. అయినను పరిహాసము నోటిని కట్టివేయునని ఈ సీమవా రెఱుగనిది కాదు. 1948 వఱకు నైజాము కచేరీలలో ఉర్దూయే చెల్లెను. తెలుగువారు స్వస్థలముననే పరదేశులవలె నుండిరి. 1921లో హైదరాబాదున నొక సభలో తెలుగున మాటాడబోయిన వక్తను గేలిచేయగా, ఆ యవమానమునుండి ఆంధ్రజనసంఘము పుట్టెను. తరువాత వెలసిన ఆంధ్రమహాసభ 1941లో కోదాడకు సమీపమగు చిలుకూరున సమావేశమయ్యెను.

నేడు మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో బీహారునుండి వచ్చినవారు పనిచేయుచున్నారు. మనవారు దయతో హిందీలోనే బదులిత్తురు. ఆ దయవలన పని జరుగును గాని తెలుగు రాదు. రేపు వారి యిల్లాలు బిడ్డ జ్వరమును గూర్చి ఆసుపత్రిలో నే భాషలో చెప్పుకొనును?

కావున అవసరమునకు వారి భాషయే పలుకుదము. తీరిక వేళ తెలుగున నెమ్మదిగా మాటాడి తప్పు దిద్దుదము. నీళ్లతోపాటు మాటనుగూడ నిచ్చిన ఆ ముసలమ్మయే మనకు గురువు.