చెప్పి మానండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో వైద్యము చేయువానికి రోగులు కరవు కారు, మందులును కరవు కావు. కరవైనది ఒక్కటే, ఇచ్చిన మందు ఏమి చేసినదో తిరిగివచ్చి చెప్పు మాట. గుణమిచ్చిన రోగి, ఒళ్లు కుదుటపడినది గదా అని రాడు. గుణమీయని రోగి, ఈ డాక్టరు హస్తవాసి మంచిది కాదని రాడు. మందు పడక వాంతులైన రోగి, చెప్పినచో డాక్టరు కోపపడునేమో యని అసలే రాడు. ఈ మువ్వురును పోగా, ఎదుట స్టూలుపై కూర్చుండి "ఏసుకుంటాండా సార్, బాగుండాది" అని తల యూపువారి మాటలే మా చెవికి చేరును. సగము వినయముచేతను సగము భయముచేతను పలికిన ఆ మాటల నాధారము చేసికొని మోతాదు పెంచవలెనా, తగ్గింపవలెనా, మందునే మార్చవలెనా అని నిర్ణయింపవలసి వచ్చుచున్నది. వరండాలో కిటకిటలాడు జనము, సమయమునకు పోవు కరెంటు, చీటీ వరుస తప్పినదని జరుగు వాగ్వాదము, ఇవి యన్నియు మా నిత్యకృత్యములోని కష్టములే, వీనిని ఓర్చుకొనవచ్చును. చెప్పక మందు మానివేయు రోగి విషయమున మాత్రము నాకు ఓర్పు చాలదు. కోపము వచ్చును; ఆ కోపము వెన్నంటియే దుఃఖమును వచ్చును.

జమ్మలమడుగు చెంత శనగ పండించు నల్లరేగడి పల్లెనుండి ఒక వృద్ధురాలు నెలనెలా తప్పక వచ్చెడిది. వచ్చినప్పుడెల్ల రక్తపోటు మునుపటివలెనే యుండెడిది. అడిగినప్పుడెల్ల "ఒక పూట గూడా తప్పలేదు నాయనా" అనెడిది. ఒకనాడు చేతిలోని సంచిని బల్లపై బోర్లింపుమంటిని. నల్ల ప్లాస్టిక్ కవరులోనుండి రెండు అట్టలు బయటపడినవి. గ్యాసు మాత్రల అట్ట పూర్తిగా ఖాళీ. రక్తపోటునకు వ్రాసిన అమ్లోడిపిన్ అట్టలో నాలుగు గుంటలు మాత్రము చినిగియుండ, తక్కిన మాత్రలు కదలక మెదలక అట్లే యున్నవి.

"ఇదేమి పెద్దమ్మా?"

"కాళ్లు వాచినాయి నాయనా. కిడ్నీలు చెడిపోతాండాయని మా వియ్యపురాలు చెప్పింది. నీకు చెప్తే అరుస్తావని ఊరకుండిపోయినా."

అమ్లోడిపిన్ సూక్ష్మరక్తనాళములను వెడల్పు చేయును. అందువలననే రక్తపోటు దిగును, అందువలననే కొందరికి చీలమండల వద్ద నీరు చేరును. అది మూత్రపిండములు చెడుట కాదు. మోతాదు తగ్గించిననో, మందు మార్చిననో తీసివేసినట్లు తగ్గిపోవును. ఆమెకు మందు మార్చితిని. వాపు తీసినది, రక్తపోటు దిగినది. ఇంతటి స్వల్పకార్యమునకు ఎన్నియో నెలలు నిరీక్షింపవలసి వచ్చెను గదా అని నాకు కోపము. ఆ నెలలన్నియు తనకు కిడ్నీలు పోవుచున్నవని లోలోపల నమ్ముచు, ఇంటిలో ఎవరికిని భారము కారాదని నోరు మెదపక తిరిగిన ఆ వృద్ధురాలిని తలచుకొన్నచో కనుల నీరు.

అందరి కథయు ఇట్లు సుఖాంతము కాదు. ఎర్రగుంట్ల నాపరాళ్ల పాలిషింగు యూనిట్టులో పనిచేయు ఒక నడివయస్కునకు ఎనలాప్రిల్ అను మాత్ర వ్రాయబడినది. ఈ తరగతి మందులు కొందరికి విడువని పొడిదగ్గు పుట్టించును. తొలుత అతడు రాతిపొడి వలన దగ్గనుకొన్నాడు. పిదప మాత్ర మొదలిడిన నాటినుండియే గదా దగ్గు మొదలైనదని యోచించి మాత్ర మానినాడు. కొన్ని వారములలో దగ్గును పోయినది. అతని తర్కములో ఇసుమంతయు దోషము లేదు. చదువుకొన్న వైద్యుడు చేయవలసిన ఊహయే అతడును చేసినాడు. అతడు చేయనిది ఒక్కటే: ఆ సంగతి వచ్చి చెప్పలేదు. చెప్పియున్నచో దగ్గు రాని లోసార్టాన్ వంటి మాత్ర వ్రాయుటకు నిమిషము చాలును. రక్తపోటు తలనొప్పినైన ఈయక, కనులు తిరుగనైన తిరుగనీయక ఏండ్ల తరబడి లోపలనే పనిచేయు వ్యాధి కనుక, మాత్ర మానిన పిమ్మటను అతనికి అంతయు బాగున్నట్లే తోచినది. తల బరువెక్కినప్పుడెల్ల ఊరిలోని ఆర్.ఎం.పి. వద్ద సూది వేయించుకొనుచు గడపినాడు. ఒక వేకువజామున కుడిచేయి, కుడికాలు పడిపోయినవి. పసరు మందు కొరకు ఒకచోటికి, మంత్రము కొరకు మరియొకచోటికి తిప్పి, మెదడులోని రక్తపుగడ్డను కరగించు మందునకు గల నాలుగున్నర గంటల గడువు ఏనాడో దాటిన వెనుక ఆసుపత్రికి తెచ్చినారు. ఇప్పుడతడు కఱ్ఱ యూతగా నడచుచున్నాడు. నన్ను చూచినప్పుడు ఏదో చెప్పబోవును, మాట రాదు. చెప్పగలిగిన దినములలో దగ్గును గూర్చి ఒక్కమాట చెప్పియుండరాదా యని నాకు నేటికిని తీరని బాధ.

క్షయ విషయమున ఈ మౌనము మరింత ఘోరము. ప్రొద్దుటూరి చేనేత కుటుంబమునకు చెందిన ఒక యువకునకు, కొన్ని యేండ్ల క్రిందట, మందు మొదలిడిన మూడవనాడే మూత్రము ఎఱ్ఱగా పోయినది. "రక్తం పోతాంది" అని తల్లి శోకములు పెట్టి మాత్రలు దాచివేసినది. అది రక్తము కాదు, రిఫాంపిసిన్ అను మందు రంగు. దానివలన హాని లేదు. ఆశా కార్యకర్త ఇంటికి పోయి విచారించుటచే ఆ గండము గడచినది. రెండు నెలలలో దగ్గు నిలిచినది, ఆకలి పుట్టినది, బరువు పెరిగినది. మాత్రలకు కడుపులో తిప్పును, చేతిలో పని యున్నది, రోగము పోయినది గదా యని మూడవనెలలో మానివేసినాడు. తొలి రెండు నెలల నాలుగు మందులును చురుకుగ వృద్ధియగు క్రిములను చంపును; చలనము లేక పడియుండు కొలది క్రిములను తుదముట్టించుటకే మిగిలిన నాలుగు నెలలు. నడుమ మానినచో చచ్చునవి చచ్చి, మందునకు లొంగనివి మిగిలి అవియే ప్రబలును. ఏడాది తిరుగకమునుపే రక్తము కక్కుచు వచ్చినాడు. కళ్లె పరీక్షలో రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ యని తేలినది. ఆనాటి చికిత్స రెండేండ్లవరకు సాగెడిది, సూదిమందులును ఉండెడివి. వ్యాధి నయమైనది, అతడు మరల మగ్గమెక్కినాడు. కాని సూదుల వలన వినికిడి తగ్గినది. తల్లి పిలువవలెనన్నచో భుజము తట్టి పిలువవలసియున్నది.

ఇట్టివి చూచి చూచి, మన జనులు అజ్ఞానులని నిట్టూర్చుట వైద్యులకు సులభము. నేనా మాట నొప్పుకొనను. సంపన్నదేశములలో సైతము దీర్ఘవ్యాధుల మందులను వ్రాసిన రీతిగా వాడువారు సగటున సగముమందియే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించినది. మాత్ర మానుట మానవస్వభావము. అది రాయలసీమకు పుట్టిన అవగుణము కాదు.

ఈ సత్యము నెరిగి పనిచేసిన మహానుభావులు మన చేరువలోనే యుండిరి. ఒకప్పుడు ఈ ప్రాంతపు క్షయరోగులకు మదనపల్లె చెంత 1915లో తెరువబడిన ఆరోగ్యవరము శానిటోరియమే పెద్ద దిక్కు. మంచి గాలి, మంచి తిండి, సుదీర్ఘ విశ్రాంతియే చికిత్స. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము, ఇరుకిండ్లలో అర్ధాకలితో నుండు బీదరోగులు ఇంటనే యుండి మాత్రలు వాడినను శానిటోరియములోని వారితో దాదాపు సమానముగనే నయమగుదురని 1959లో నిరూపించి లోకమునందలి క్షయ చికిత్సనే మార్చివేసినది. ఆ పరిశోధకులు రోగి మాటను అవమానింపలేదు, దానినే నమ్మి కూర్చుండనులేదు. చెప్పకుండ ఇంటికి పోయి మిగిలిన మాత్రలు లెక్కించిరి, మూత్రములో మందు జాడ యున్నదో లేదో పరీక్షించిరి. మానిన వానిని వెళ్లగొట్టుటకు గాదు, మరల పట్టుకొని నయము చేయుటకు.

అంతకన్న గొప్ప పాఠము మన అనంతపురమునకు పొరుగుననున్న తుమకూరు జిల్లా నుండి వచ్చినది. క్షయరోగులు లక్షణములున్నను ఆసుపత్రులకు రారని, వారిది ఉపేక్ష యని వైద్యలోకము నమ్మియున్న కాలమున, బెంగుళూరి జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ అను పరిశోధకులు పల్లెలలో రోగులను కలిసి ఏమి చేసితిరని అడిగిరి. 1963లో ప్రచురితమైన ఆ పరిశోధన చెప్పినదేమనగా, రోగులలో అధికసంఖ్యాకులు తమ బాధను గుర్తించినవారే. సుమారు సగముమంది ప్రభుత్వ వైద్యశాలలకు పోయినవారే. పోయినవారికి కళ్లె పరీక్ష లేదు. దగ్గుమందు సీసా యిచ్చి పంపివేసిరి. వారు వచ్చిరి, చెప్పిరి, వినవలసినవారు వినలేదు. ప్రతి యువవైద్యుడును వృత్తిలో అడుగిడు దినముననే ఈ సంగతి తెలిసికొనవలెనని నా దృఢాభిప్రాయము. రోగి మౌనమునకు మూలము తరచుగా మన బల్లకు ఇవతలి వైపుననే కలదు.

ఈ గడ్డపై వైద్యునియెడ జనులకు ఆదరము తక్కువ కాదు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిది శతాబ్దమునకు మించిన చరిత్ర. అచ్చట వైద్యుడుగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు 1973లో తండ్రి పేర పులివెందులలో ఆసుపత్రి నెలకొల్పి, రూపాయి డాక్టరని జనుల నోట నానిరి. ఇట్టి చోట రోగికి వైద్యుడు పరాయివాడు కాడు. కాని ఆదరమున్న చోటనే మొగమాటమును పెరుగును. "అంత మంచి డాక్టరు రాసిచ్చిన మందు పడలేదని ఎట్లా చెప్పేది?" అని సంకోచింతురు. మాతో చెప్పనిది చీటీలు వ్రాయు కుఱ్ఱవానితో చెప్పుదురు, ఆటోలో ప్రక్కన కూర్చున్నవారితో చెప్పుదురు, ఆర్.ఎం.పి.తో చెప్పుదురు. ఆ ఆర్.ఎం.పి. అనవసరముగ గ్లూకోజు బాటిలు ఎక్కించును, స్టెరాయిడు సూది వేసి రోగమును కప్పిపుచ్చును. ఆ పనిని నేనేనాడును క్షమింపను. ఐనను అతడు అరుగుపై కూర్చుండి, "ఏమన్నా, మొన్నటి మాత్ర పడిందా?" అని అడుగును. ఆ ప్రశ్న మనము అడుగక పోవుటచేతనే అతని సూదికి అంత గిరాకి.

చెప్పువారికి ఎంత మేలు కలుగునో చూడుడు. ప్రొద్దుటూరినుండి వచ్చు ఒక మధుమేహరోగి, ముస్లిం గృహిణి, రంజాన్ నెలకు పదునైదు దినముల ముందే వచ్చినది. "రోజాలు వస్తాండాయి సార్. రోజా ఇడిసేది ల్యా. మాత్రలు ఎట్ల ఏసుకోవాలో మీరే చెప్పండి" అనెను. ఎంత నిర్మలమైన మాట! చక్కెరను మితిమీరి పడవేయు మాత్ర తగ్గించి, ప్రధానమైన మోతాదును ఇఫ్తారు వేళకు మార్చి, పగలు చెమటలు పట్టి చేతులు వణకినచో ఆ క్షణముననే ఉపవాసము విరమింపవలెనని ఒప్పించితిని. నెల సుఖముగ గడచినది. పండుగ మరునాడు సేమ్యా డబ్బాతో వచ్చినది. ఆ సంతోషము నాకెన్నడును మరపు రాదు.

పులివెందుల ప్రాంతపు చీనీ రైతొకడు మెట్‌ఫార్మిన్ వలన విరేచనములై మానివేసి, అరికాలు పుండుతో వచ్చినప్పుడు మాత్రము గట్టిగనే మందలించితిని: "చెట్టుకు మందు కొట్టినాక నాల్గోనాడు ఆకు తిప్పి చూడవా? పురుగు చావకపోతే కొట్టోనికి పోయి అడగవా? నీ ఒంటికి అదొద్దా అన్నా?" అతడు చాలసేపు తలవంచుకొని, "చెట్టయితే అడుగుతాం సార్, మా కోసం మేము అడగాలంటే సిగ్గయితాది" అనెను. ఆ ప్రత్యుత్తరముతో నా కోపమంతయు కరగిపోయినది. భోజనముతోపాటు తక్కువ మోతాదున మొదలిడి, మెల్లగా కరగు రకము మాత్ర నిచ్చినచో పెక్కుమందికి ఆ విరేచనములు నిలుచును, అతనికిని నిలిచినవి. పుండు మానుటకు మాత్రము చిరకాలము పట్టినది.

కావున యువవైద్యులకు నేను చెప్పునదిది. "మందులు వేసికొనుచున్నావా?" అని అడుగకుడు, దానికి ఔననుట తప్ప రోగికి వేరు దారి లేదు. "ఈ వారంలో ఎన్ని పూటలు తప్పినాయి? ఏ మాత్ర పడలేదు? డబ్బుకు ఇబ్బందయిందా?" అని అడుగుడు. తప్పినదని చెప్పినవానిని మొదట మెచ్చుకొనుడు, పిదప దిద్దుడు. మందు పనిచేయలేదన్న మాటను నిందగా గాక పరీక్షాఫలితముగా స్వీకరింపుడు. రక్తపరీక్ష చెప్పలేనిది సయితము ఆ మాట చెప్పును.

రోగులారా, అమ్మలారా, అన్నలారా, మీకు నా మనవి. వచ్చునప్పుడు అట్టలన్నియు, ఖాళీవియు మిగిలినవియు, సంచిలో వేసికొని రండు. కాళ్లు వాచినను, దగ్గు పుట్టినను, వేళ్లు తిమ్మిరెక్కినను చెప్పుడు. క్షయ మందులు వాడువారు వాంతులు ఆగకున్నచో, కనులు పసుపెక్కినచో వెంటనే మాత్రలు ఆపి ఆనాడే రండు. క్షయ మందులు ప్రభుత్వము ఉచితముగనే ఇచ్చుచున్నది; పోషణకు నెలకు వేయి రూపాయలును ఇచ్చుచున్నది. తక్కిన మందులు ఖరీదైనచో చౌక రకము వ్రాయుదుము, పడనిచో మార్చుదుము. మాకు చెప్పక, అడుగక, మీలో మీరే తీర్పు చెప్పుకొని ఇంటిలో కూర్చుండకుడు. నేను కోపపడినచో పడనిండు. మాట మాత్రము చెప్పక పోవలదు.