ఉడుతపిల్ల

సూరత్‌లోని లింబాయత్‌లో తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు అనేకం. ఒక ఉదయం, ఆ కుటుంబాలలోని ఒక ఇల్లాలికి వేపచెట్టు క్రింద కళ్ళు తెరవని ఉడుతపిల్ల దొరికింది. వీపుమీద చారలు మూడు కావు, అయిదు. శ్రీరాముని వ్రేళ్ళ గుర్తులు మూడేనని మన నమ్మకం. గుజరాత్ ఉడుతలకు మాత్రం అయిదు!

"ఆకలిగొన్నది, పాలు పట్టు బిడ్డా" అన్నది పొరుగింటి ముసలమ్మ.

"ఆగు పెద్దమ్మా. ఒళ్ళు చల్లగా ఉన్నది."

చిన్ననాడు సిరిసిల్లలో ఆమె ఇటువంటి పిల్లనే వెల్లకిల పట్టుకుని ఆవుపాలు పోసింది. పాలు ముక్కులోంచి బుడగలుగా వచ్చాయి. మర్నాటికి అది లేదు. పాలు ఊపిరితిత్తులలోకి పోయాయనీ, చల్లబడిన పిల్లకు ఆహారం అరగదనీ ఆమెకు చాలాకాలానికి గాని తెలియలేదు.

ఈసారి ముందు పిల్లను పాతచీర పేలికలో చుట్టి, గోరువెచ్చని నీళ్ళసీసా ప్రక్కన పడుకోబెట్టింది. గాయాలు లేవు, చీమలు పట్టలేదు. మెడవద్ద చర్మం మెల్లగా పైకెత్తి వదిలితే వెంటనే సర్దుకున్నది. ఒంట్లో నీరు తగ్గలేదన్నమాట. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. శ్వాసలో గురక లేదు.

పిల్ల వెచ్చబడి కదలసాగింది. దానిని చిన్న బుట్టలో పెట్టి, చెట్టు మొదట ఉంచి, ఆమె తలుపుచాటున నిలబడింది. మధ్యాహ్నానికి తల్లి ఉడుత దిగివచ్చి, పిల్లను నోట కరచుకుని కొమ్మల్లోకి ఎక్కిపోయింది.

ముసలమ్మ తెచ్చిన పాలు అరుగుమీదే ఉండిపోయాయి.