హవాయి చెప్పుల పడవ!

కార్లు తిరగని ఊరు. గాడిదలే బండ్లు, తెరచాప పడవలే బస్సులు. చూడటానికి వచ్చే పర్యాటకులతోనే ఊరికి బతుకు. వాళ్లతోపాటే వచ్చిపడే ప్లాస్టిక్‌తోనే ఊరికి గండం. కెన్యాలోని లాము దీవి ఆ గండాన్ని పడవగా మలిచింది.

తెగిన హవాయి చెప్పుల్ని మనమేం చేస్తాం? పిన్నీసు పెట్టి ఇంకో నెల నడిపిస్తాం. ఆ తర్వాత పెంటకుప్ప మీదికి విసిరేస్తాం. లాము వాళ్లు మాత్రం అలాంటివి 30 వేలు పోగేశారు. వాటికి 10 టన్నుల ప్లాస్టిక్ చెత్త కలిపి ఏకంగా పడవ కట్టారు. కట్టి ఊరుకోలేదు, 500 కిలోమీటర్లు సముద్రం మీద తిప్పారు కూడా!

గాలి తెచ్చిన ఊరు

లాము కెన్యా ఉత్తర తీరంలోని చిన్న దీవి. పగడపు రాతి గోడలు, మడ చెట్ల దూలాలు, నగిషీలు చెక్కిన పెద్ద పెద్ద తలుపులు... వీధులు ఎంత ఇరుకంటే, బరువులతో ఎదురొచ్చే గాడిదకు మనమే గోడకు ఒదిగి దారివ్వాలి. తూర్పు ఆఫ్రికాలోని పాత స్వాహిలీ పట్టణాల్లో ఇంత చెక్కుచెదరకుండా నిలిచినది మరొకటి లేదంటారు. అందుకే 2001లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ ఊరిని పెంచింది గాలి. చలికాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలిని అక్కడ ‘కస్కజి’ అంటారు. అరబ్బు వర్తకుల పడవలూ మన దేశపు పడమటి తీరం పడవలూ దాని వాటున అక్కడికి చేరేవి. వేసవి తర్వాత దక్షిణం నుంచి వీచే ‘కుసి’తో సరకు నింపుకుని తిరిగొచ్చేవి. ఆ కుసి ఎవరో కాదు, అరేబియా సముద్రం దాటి వచ్చి మనకు వానలు కురిపించే నైరుతి గాలికి మొదలు!

ఇప్పుడు వర్తకుల స్థానంలో పర్యాటకులు వస్తున్నారు. వాళ్లు తాగి పడేసిన నీళ్ల సీసాలకు ఊళ్లో జనం వాడినవి తోడు. అది చాలదన్నట్టు ఇండోనేషియా లాంటి దూరదేశాల సీసాలనూ సముద్రం కెన్యా తీరానికి తెచ్చి పోస్తోంది. దీవిలో పూడ్చిపెట్టడానికి చోటెక్కడ? వీధుల్లో మేత వెతుక్కునే గాడిదలు ప్లాస్టిక్ తిని జబ్బు పడుతున్నాయి. తీరం మురికైతే వచ్చేవాళ్లూ రారు. అదీ లాము కష్టం.

కలప కాదు, చెత్త!

పర్యాటక రంగంలోనే పనిచేసే బెన్ మోరిసన్‌కు తీరంలోని ఈ చెత్తను చూసి 2016లో ఓ ఆలోచన వచ్చింది. లాములో పేరున్న పడవల వడ్రంగి అలీ స్కాందా, ప్రాజెక్టును నడిపించిన దీపేశ్ పబారి తోడయ్యారు. ఏరిన ప్లాస్టిక్‌ను రకాలవారీగా వేరుచేసి, ముక్కలు చేసి, కరిగించి దూలాలుగా పోతపోశారు. వాటిని బాడిసె, ఉలి పట్టుకునే పాత పద్ధతిలోనే చెక్కారు. చెప్పినంత తేలిక కాదు. ప్లాస్టిక్ కలపలా మాట వినదు. ఎండకు సాగుతుంది, బరువుకు వంగుతుంది. ఏ దూలం ఎక్కడ నిలుస్తుందో చేసి చూసి నేర్చుకోవాల్సిందే.

చివరికి పడవ పైభాగమంతా రంగురంగుల హవాయి చెప్పుల ముక్కలతో అతికించారు. తొమ్మిది మీటర్ల ఆ ‘ఫ్లిప్‌ఫ్లోపి’ 2018 సెప్టెంబరులో నీళ్లలోకి దిగింది. 2019 ఆరంభంలో లాము నుంచి జాంజిబార్ దాకా వెళ్లింది. ఆగిన ప్రతి ఊళ్లోనూ బడిపిల్లలు ఎక్కి చూశారు, పెద్దలు చెత్త గురించి మాట్లాడుకున్నారు. 2021లో విక్టోరియా సరస్సులోనూ ఇదే ప్రచారం జరిగింది.

పడవ ప్రచారానికే అయితే కథ అక్కడితో ముగిసేది. కానీ లాములో ఇప్పుడు ప్లాస్టిక్‌ను సేకరించి, వేరుచేసి, దూలాలు పోసే పని జరుగుతోంది. వాటితో స్థానిక నమూనాల్లోనే కుర్చీలు, బల్లలు చేస్తున్నారు. యువతకు పడవలు కట్టడం నేర్పిస్తున్నారు. తాతల విద్యకు కొత్త ముడిసరకు దొరికిందన్నమాట!

కుర్రాడి కెమెరా... సర్కారు చట్టం

అయితే ఏరేవాళ్ల వెనకాలే పారేసేవాళ్లుంటే ఎన్ని పడవలు కడితే సరిపోతాయి? ఈ ప్రశ్నకు జవాబు లాముకు దూరంగా, నకూరు పట్టణంలో మొదలైంది. జేమ్స్ వకిబియా అనే యువ ఫొటోగ్రాఫర్ అక్కడి చెత్త గుట్టలను ఫొటోలు తీసి, ప్లాస్టిక్ సంచులను నిషేధించాలంటూ 2013 నుంచి పట్టుబట్టాడు. అప్పట్లో ఒక్క సూపర్‌మార్కెట్లే ఏటా 10 కోట్ల సంచులు పంచేవని ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం అంచనా. సోషల్ మీడియాలో అతని నినాదానికి వేల గొంతులు కలిశాయి. 2017 ఆగస్టు 28న నిషేధం వచ్చింది. అదీ అలా ఇలా కాదు... తయారుచేసినా అమ్మినా నాలుగేళ్ల వరకూ జైలు, 40 లక్షల షిల్లింగుల దాకా జరిమానా!

2020 జూన్ 5న మరో అడుగు పడింది. జాతీయ పార్కులు, బీచ్‌లు, అడవుల్లోకి ఒకసారి వాడి పారేసే సీసాలు, కప్పులు, స్ట్రాలు తేవడానికి వీల్లేదన్నారు. సింహాలను చూడబోయేవాళ్లు సొంత సీసాలో నీళ్లు పట్టుకెళ్లాల్సిందే.

చట్టం ఒక చెయ్యి అయితే, రెండోది ఊరిది. లాముకు దక్షిణాన ఉన్న వతాము తీరంలో హోటళ్లు డబ్బిస్తాయి, స్థానిక యువత బీచ్ శుభ్రం చేస్తుంది. ఏరినదాన్ని వేరుచేసి మళ్లీ వాడేవాళ్లకు అమ్ముతారు. శుభ్రమైన ఇసుక హోటల్‌కు లాభం, చెత్త కుర్రాళ్లకు కూలి. తీరం మీద బతికేవాళ్లంతా దాని ఖర్చులో పాలు పంచుకోవడమే ఇందులోని కిటుకు.

ఎప్పుడైనా కెన్యా వెళితే ప్లాస్టిక్ క్యారీబ్యాగులు ఇంట్లోనే వదిలేయండి. విమానాశ్రయంలోనే వాటిని వదిలెయ్యమంటారు. ఓ గుడ్డ సంచీ, ఓ స్టీలు సీసా చాలు. 30 వేల చెప్పులు పడవయ్యాయని మురిసిపోవచ్చు. కానీ ఇంకో పడవకు సరిపడా చెత్త దొరకని రోజే లాముకు అసలైన పండగ!